రీడింగ్

కెమిస్ట్రీ లెక్చరరుగా రిటైరైన ఒకాయనకు 2004 మోడల్ మారుతి 800 ఉంది. కొన్నప్పటి నుంచి ఆయన ఒక్కడే నడిపాడు. సర్వీసింగు, బీమా, పెట్రోలు, అన్నీ తేదీలు వేసి డైరీలో రాసుకుంటాడు.

పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు అక్టోబరులో అయిపోయింది. అంత పాత బండికి ఆ కాగితం ఆరు నెలలే పనిచేస్తుంది. నవంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం సికింద్రాబాద్ నుంచి బయల్దేరాడు. ఎప్పుడూ చూపించుకునే చోట పొల్యూషన్ చెకింగ్ వ్యాను లేదు. హబ్సిగూడ దాటి ఉప్పల్ వైపు వెళ్తుంటే పెట్రోలు బంకు పక్కన ఇంకోటి కనపడింది. తెల్ల ఓమ్ని. లోపల కంప్యూటరు, ప్రింటరు, పొగ కొలిచే మిషను. బయట స్టూలు మీద ఇరవై ఏళ్ల కుర్రాడు.

ఆయన కారు ఆపబోతే కుర్రాడు వద్దన్నాడు.

"చాలుగనే ఉంచున్రి సార్. ఎక్కడి నుంచి వస్తున్నరు?"

"సికింద్రాబాద్."

"అయితే సరే. ఇంజను వేడెక్కకముందు పెడితే రీడింగ్ తప్పొస్తది."

వ్యానులోంచి పొడుగాటి రబ్బరు గొట్టం తీశాడు. దాని చివర సన్నని స్టీలు కడ్డీ ఉంది. కడ్డీ మీద, మొన నుంచి అడుగు దూరంలో, పసుపు టేపు చుట్టి ఉంది. కుర్రాడు సైలెన్సర్ దగ్గర గొంతుక్కూచుని కడ్డీని లోపలికి తోశాడు. టేపు సగం బయట ఉంది. ఇంకాస్త తోశాడు. టేపు పూర్తిగా లోపలికి పోయాక లేచాడు.

"ఆ టేపు ఎందుకు?" అని లెక్చరరు అడిగాడు.

"ఇక్కడి దాక పోవాలె సార్. పైపైన పెడితే బయటి గాలి కలుస్తది. నంబరు తక్కువొస్తది."

స్క్రీను మీద అంకెలు పైకీ కిందికీ ఆడాయి. అవి నిలిచేదాకా కుర్రాడు చూస్తూ నిలబడ్డాడు. కార్బన్ మోనాక్సైడ్ 1.8 శాతం దగ్గర ఆగింది. హైడ్రోకార్బన్లు 410 పీపీఎం.

"ఫెయిల్ సార్."

లెక్చరరు ఇంకోసారి చూడమన్నాడు. కుర్రాడు చూశాడు. మళ్లీ 1.8.

"పాత బండి కదా బాబూ. పాతవాటికి 3 శాతం దాకా ఉంది."

"భారత్ స్టేజ్ 2 రాకముందు బండ్లకు సార్. హైదరాబాద్‌కు అది 2003ల వచ్చింది. మీది 2004. సీఓ 0.5 దాటొద్దు. హెచ్‌సీ 750 దాటొద్దు. మీది హెచ్‌సీ పాసే. సీఓ ఒక్కటే ఎక్కువుంది."

కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 115వ నిబంధన అదే చెబుతుంది. లెక్చరరు ఆ రాత్రి పుస్తకం తీసి చూసుకున్నాడు కూడా.

కడ్డీని కుర్రాడు గుడ్డతో తుడిచాడు. టేపు మీద పట్టిన మసిని వేలితో గీకి తీసి, గొట్టాన్ని కొక్కేనికి వేలాడేశాడు. వెనక నిలబడ్డ ఆటో అతను ఇదంతా చూసి, "వేరే దగ్గర చేయించుకుంట" అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

కార్బన్ మోనాక్సైడ్ అంటే ఏమిటో లెక్చరరుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ముప్పై ఏళ్లు ఆ పాఠం చెప్పాడు. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు పొద్దున లేవకపోవడానికి కారణం అదే. నల్లగా కనిపించే పొగను చూసి జనం ముక్కు మూసుకుంటారు. కనపడని దీన్ని పీలుస్తూ మాట్లాడుకుంటూ నిలబడతారు. ఆ కుర్రాడిలా రోజంతా సైలెన్సర్ల వెనక కూచునేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

అది ఎందుకు పుడుతుందో కూడా ఆయనకు తెలుసు. గాలి చాలినంత ఉంటే కార్బన్ పూర్తిగా కాలి డయాక్సైడ్ అవుతుంది. చాలకపోతే సగమే కాలి మోనాక్సైడ్ దగ్గర ఆగిపోతుంది. ఒక వంతు పెట్రోలుకు బరువులో 14.7 వంతుల గాలి కావాలి. అంటే ఇంజనుకు గాలి తగ్గింది, లేదా పెట్రోలు పెరిగింది. మూడో కారణం లేదు.

మర్నాడు ఇంటి దగ్గరి మెకానిక్ దగ్గరికి వెళ్లి ఎయిర్ ఫిల్టరు మార్పించాడు. పాతది దుమ్ము పట్టి ఉంది. ఇదే అనుకున్నాడు. ప్లగ్గులు విప్పితే కొనలు నల్లగా ఉన్నాయి. అవీ మార్పించాడు. ఇంజను ఆయిలు కూడా మార్పించాడు. ఖర్చు డైరీలో రాశాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే, రోడ్డు మీద రద్దీ మొదలవకముందే, ఉప్పల్ వెళ్లాడు. చలికి కుర్రాడు మఫ్లరు కట్టుకుని ఉన్నాడు. కడ్డీ తోశాడు. టేపు లోపలికి పోయింది.

2.1.

లెక్చరరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. 2.1.

"కొత్త ఫిల్టరు వేశాను. కొత్త ప్లగ్గులు వేశాను. పెరగడమేమిటి?"

"నాకు తెల్వదు సార్. మిషను చూపెట్టేది చెప్తున్న."

"మిషనే తప్పేమో."

కుర్రాడు మారు మాట్లాడలేదు. కడ్డీ బయటికి తీసి, గొట్టం దులిపి, గాలిలో పట్టుకున్నాడు. స్క్రీను మీద అంకె దిగుతూ వచ్చి సున్నా దగ్గర ఆగింది. అప్పుడే వచ్చిన ఒక శాంత్రో సైలెన్సర్‌లో పెట్టాడు. 0.3. శాంత్రో అతను కాగితం తీసుకుని వెళ్లాడు. మళ్లీ మారుతిలో పెట్టాడు. 2.1.

"మిషను మంచిగనే ఉంది సార్. బండి ఒకసారి గట్టి మెకానిక్‌కు చూపెట్టున్రి."

లెక్చరరు ఏమీ అనకుండా ఇంటికి వెళ్లాడు. దారి పొడుగునా ఆలోచించాడు. మురికి ఫిల్టరుతో 1.8, శుభ్రమైన ఫిల్టరుతో 2.1. గాలి పెరిగితే మోనాక్సైడ్ తగ్గాలి. పెరిగిందంటే కొలతలోనే ఏదో ఉంది. ల్యాబులో పిల్లలకు ఆయన చెప్పే మాట అదే. ఫలితం సూత్రానికి ఎదురు తిరిగితే ముందు పరికరాన్ని అనుమానించాలి.

వ్యాను పక్కన ఒక ఫోన్ నంబరు రాసి ఉంది. దాన్ని ఆయన డైరీలో రాసుకున్నాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. అవతల వ్యాను యజమాని.

లెక్చరరు మర్యాదగా మాట్లాడాడు. మీ మిషను ఎక్కువ చూపిస్తోంది, పరీక్ష చేయించండి, ఇలా అయితే జనం వేరే చోటికి పోతారు అన్నాడు. కుర్రాడి మీద ఒక్క మాట అనలేదు. పైగా, ఓపికగా చేస్తాడని చెప్పాడు. యజమాని, చెప్పి మంచి పని చేశారన్నాడు. తాను చూసుకుంటానన్నాడు.

అయినా కారు సంగతి తేలాలి. నాచారంలో పాత మెకానిక్ ఒకాయన ఉన్నాడని పక్కింటివాళ్లు చెప్పారు. కార్బురేటర్ల కాలం నుంచీ మారుతి బండ్లు తప్ప ఇంకోటి ముట్టడని పేరు. ఆ ఆదివారం వెళ్లాడు.

పాత మెకానిక్ బానెట్ తెరవలేదు. ముందు ఫెయిలైన రెండు కాగితాలూ అడిగి తీసుకుని, వెలుతురులో పట్టుకుని చదివాడు.

"హెచ్‌సీ 410. అంటే ప్లగ్గులు మంచిగ కొడుతున్నయి. ప్లగ్గు కొట్టకపోతే పెట్రోలు కాలకుండ బయటికొచ్చి ఇది వేలల్ల ఉండేది. పాత ప్లగ్గులు పారేసిన్రా?"

లెక్చరరు పారెయ్యలేదు. డిక్కీలోంచి తీసి ఇచ్చాడు. మెకానిక్ ఒకదాని కొనను బొటనవేలితో రుద్దాడు. వేలికి పొడి మసి అంటింది.

"జిడ్డు లేదు. ఆయిలు కాలుతలేదు. రింగులు బాగున్నయి. ఉత్త పెట్రోలు మసి. ఇంజను మీద పెట్రోలు ఎక్కువ పడుతుంది. మైలేజి తగ్గిందా సార్?"

డైరీ తీసి చూశారు. ఏప్రిల్ దాకా లీటరుకు 17 కిలోమీటర్లు. జూన్ నుంచి 13కు మించలేదు. ఆ తేడాను లెక్చరరు ప్రతి నెలా తన చేత్తోనే రాసుకున్నాడు.

"పోదాం పాండ్రి" అని మెకానిక్ పక్క సీట్లో కూచున్నాడు.

నాచారం నుంచి మల్లాపూర్ దాకా, అక్కణ్నుంచి వెనక్కి. మెకానిక్ ఇంజను చప్పుడు వినలేదు. గేరు మార్చడం చూడలేదు. దారంతా మీటర్ల వైపే చూశాడు.

"ఈ ముల్లు ఎప్పుడు ఇట్లనే ఉంటదా?"

టెంపరేచర్ ముల్లు అడుగున ఉంది. ఇంత దూరం నడిచినా లేవలేదు.

"ఈమధ్య అక్కడే ఉంటోంది. ఇంజను చల్లగా ఉంది కదా అని నేనూ సంతోషించాను."

"మొన్నటి ఎండల బండి వేడైందా సార్?"

అయింది. మే నెలలో విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక బానెట్‌లోంచి ఆవిరి వచ్చింది. రోడ్డు పక్కన షెడ్డులో ఒకతను అరగంటలో బాగుచేసి పంపాడు. ఆ తర్వాత బండి ఒక్కసారీ వేడెక్కలేదు.

"వేడి కాదు. ఎట్లయితది?" అన్నాడు మెకానిక్.

షెడ్డుకు తిరిగొచ్చి ఇంజను ఆపించాడు. చల్లారాక బానెట్ లేపాడు. మళ్లీ స్టార్టు చేయించి, లెక్చరరు చేతిని పట్టుకుని ఇంజను నుంచి రేడియేటరు పైభాగానికి పోయే లావు గొట్టం మీద పెట్టాడు.

"ఎట్లుంది?"

"చల్లగా ఉంది."

"చెయ్యి తియ్యకున్రి."

రెండు నిమిషాలకే గొట్టం గోరువెచ్చగా అయింది. అక్కణ్నుంచి కొద్దికొద్దిగా పెరుగుతూ పోయింది.

"వాల్వ్ ఉంటే ఇట్ల కాదు సార్. ఇంజను వేడెక్కేదాక ఈ పైపు చల్లగుంటది. లోపలి నీళ్లు ఎనభై డిగ్రీలు దాటినంక వాల్వ్ తెరుచుకుంటది. అప్పుడు ఒక్కసారి చెయ్యి కాలుతది. మీ బండికి మొదటి నిమిషం నుంచే నీళ్లు రేడియేటర్ల తిరుగుతున్నయి."

ఇంజను ఆపి, కొంచెం నీళ్లు దించి, పైన మూత బోల్టులు రెండూ విప్పాడు. మూత కింద థర్మోస్టాట్ వాల్వ్ ఉండాలి. గాస్కెట్ ఉంది. వాల్వ్ లేదు.

సూర్యాపేట దారిలో షెడ్డు అతను చేసింది అదే. వాల్వ్ తీసేసి మూత బిగించాడు. మన ఎండలకు దేశమంతా మెకానిక్‌లు చేసే వైద్యం ఇది. బండి వేడెక్కడం ఆగుతుంది, యజమాని దీవించి పోతాడు. ఆ తర్వాత ఇంజను ఎన్ని కిలోమీటర్లు నడిచినా పొద్దున్నే స్టార్టు చేసినట్టే ఉంటుంది. ఇంజను చల్లగా ఉందని సెన్సార్ నిజమే చెబుతుంది. చల్లని ఇంజనుకు పెట్రోలు ఎక్కువ పొయ్యాలని ఇంజనును నడిపే కంప్యూటరు ఈసీఎంకు నేర్పి ఉంది. అది పోస్తుంది. సైలెన్సర్‌లో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెప్పే ఇంకో సెన్సార్ ఉంది గానీ, ఇంజను వేడెక్కేదాకా ఈసీఎం దాని మాట వినదు. మిగిలిన విషాన్ని శుద్ధి చెయ్యాల్సిన కెటలిటిక్ కన్వర్టర్ కూడా బాగా వేడెక్కితేనే పనిలోకి దిగుతుంది.

"ఫిల్టరు మార్చాక ఎందుకు పెరిగింది మరి?" అని లెక్చరరు అడిగాడు.

మెకానిక్ రెండు కాగితాలూ మళ్లీ తీసి, మూలన అచ్చయిన టైము చూపించాడు. మొదటిది మధ్యాహ్నం మూడు గంటలకు. రెండోది పొద్దున ఏడింటికి.

"పొద్దుగాల చలి సార్. ఇంజను ఇంకింత చల్లగుంది. పెట్రోలు ఇంకింత పడ్డది. నంబరు ఇంకింత పెరిగింది."

కాగితాలను మడిచి వెనక్కి ఇస్తూ, "ఈ పిల్లగాడెవరో మంచిగ చూసిండు సార్" అన్నాడు. "గొట్టం లోపటి దాక పెడితెనే ఇంత కరెక్టుగ తేడా దొరుకుతది. ఈ కాగితాలు లేకుంటె నేను రింగులు, సెన్సార్లు అనుకుంట తిరుగుతుంటి."

లెక్చరరు కాసేపు మాట్లాడలేదు.

కొత్త వాల్వ్ కొన్ని వందల రూపాయల్లో వచ్చింది. రేడియేటరు కూడా కడిగించాడు. అసలు మే నెలలో బండి వేడెక్కడానికి కారణం అందులో పేరుకున్న తుప్పేనట. సాయంత్రం ఇంటికి వస్తుంటే టెంపరేచర్ ముల్లు లేచి, సగానికి కాస్త కింద నిలబడింది. డైరీలో ఆ రోజు తేదీ కింద వాల్వ్ ధర, దాని కింద "మిషను సరిగ్గానే ఉంది" అని రాశాడు.

ఆ కుర్రాడికి ఆ మాట ఎదురుగా చెప్పాలనుకున్నాడు. పనిలో పనిగా యజమానికీ చెప్పాలి. ఆ రాత్రి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

వారం రోజులు పని మీద వరంగల్‌లో ఉండాల్సి వచ్చింది. తిరిగొచ్చిన మర్నాడే కారు తీశాడు. ఇంజను బాగా వేడెక్కాలని చుట్టు తిరిగి, నాగోల్ మీదుగా ఉప్పల్ వచ్చాడు. ముల్లు ఉండాల్సిన చోట ఉంది. 0.5 లోపు ఎంత వస్తుందో చూడాలని ఉంది. 0.3 వస్తుందని ఆయన అంచనా.

ఓమ్ని అక్కడే ఉంది. వరసలో బండ్లు ఇదివరకటి కంటే ఎక్కువున్నాయి. స్టూలు మీద వేరే కుర్రాడు ఉన్నాడు. వరస త్వరగానే కదిలింది.

ఆయన వంతు వచ్చింది. ఇంజను ఆపకుండా దిగాడు. కుర్రాడు నంబరు ప్లేటు కనపడేలా ఫొటో తీసుకుని వ్యానులోకి వెళ్లాడు. కీబోర్డు మీద ఏదో కొట్టాడు. ప్రింటరు కదిలింది.

"బాబూ, గొట్టం పెట్టలేదు."

"అక్కర్లేదు సార్. అయిపోయింది."

లెక్చరరు వ్యానులోకి తొంగి చూశాడు. గొట్టం చుట్టలు చుట్టి కొక్కేనికి వేలాడుతోంది. కడ్డీ మీద పసుపు టేపు ఉంది. దాని మీద మసి లేదు. దుమ్ము ఉంది.

"ఒక్కసారి పెట్టి చూడు. బాగుచేయించాను. ఎంత వస్తుందో నాకు తెలియాలి."

"పాసయింది కద సార్. కాగితంల ఉంది నంబరు."

కాగితంలో 0.32 అని ఉంది.

"ఇంతకు ముందు ఇక్కడ ఒక అబ్బాయి ఉండేవాడు. టేపు దాకా పెట్టేవాడు. ఏడీ?"

"వాన్ని తీసేసిన్రు సార్."

"ఎందుకు?"

"మిషను తప్పు చూపెడుతుందని ఎవరో పెద్దసారు ఓనర్‌కు ఫోన్ చేసిండంట. బండ్లు వేరే దగ్గరికి పోతయని మంచిగ చెప్పిండంట. ఓనర్ తెల్లారే అంత సరిచేసిండు."

వెనకనున్న బండివాడు హారన్ కొట్టాడు. కుర్రాడు రమ్మని అతనికి చెయ్యి ఊపి, కాగితం లెక్చరరు చేతిలో పెట్టాడు.

"ఆ సారు ఫోన్ చేసినప్పటి సంది ఇక్కడ ఒక్క బండి కూడ ఫెయిల్ కాలే సార్."